నాయిన గీసిన సినిమాలు

సినిమా అంటే వెళ్లి చూసి వచ్చేది అని నాకు పెళ్లయ్యాక తెలిసింది. అప్పటిదాకా సినిమా అంటే గీసేది అనుకునేదాన్ని. మా ఇంట్లో సినిమాను ముందు చూసేవాళ్లు, తర్వాత గీసేవాళ్లు, ఆ తర్వాత ఆ గీత సరిగా వచ్చిందా లేదా అని అన్నం తింటూ పోట్లాడుకునేవాళ్లు. ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఇదే జరుగుతుందని నా నమ్మకం. బళ్లో పక్కన కూర్చునే పిల్లను ఒకసారి "మీ నాయిన ఆ సినిమాకు ఎర్రగీత ఏడిదాంక లేపిండు?" అని అడిగాను. ఆ పిల్ల నా వైపు కాసేపు చూసి, పలక తీసుకుని కొంచెం దూరం జరిగి కూర్చుంది.

మొన్న తమ్ముడు ఇంటికి రంగులు వేయిస్తుంటే జహీరాబాద్ వెళ్లాను. సామాను ఎక్కడిదక్కడ లేనప్పుడు ఇంట్లో మనుషులు ఎక్కువుంటే మంచిదని అమ్మ అభిప్రాయం, అందుకని నన్ను పిలిపించింది. సజ్జ మీది సామాను దించుతుంటే ఇత్తడి గంగాళం వెనక నుంచి పొడుగాటి రేకు గొట్టం ఒకటి దొర్లి కింద పడింది. మూత తీస్తే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకే ఎండిన సిరా వాసన వచ్చాయి. తమ్ముడి కూతురు కీర్తన లోపలి కాగితాల చుట్ట తీసి నేల మీద పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టింది. కీర్తన హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తుంది. అంకెల్ని బొమ్మలుగా మార్చి పెద్దవాళ్లకు చూపించడం ఆమె పని. ఆ కాగితాల మీద మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూసి, "అత్తా, ఇయ్యి ఎవరు చేసిన్రు? గిసువంటియి చేసినందుకే నాకు జీతమిస్తరు" అంది.

"మీ తాత. ఆయనకు ఎవ్వరు ఇయ్యలే" అన్నాను.

అమ్మ మంచం మీద కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. ఒక్కసారి తల ఎత్తి చూసి, "ఇంక ఉన్నయా అవి" అని మళ్లీ కూరలో పడింది.

నాయిన పేరు విఠల్‌రావు. తాలూకా వ్యవసాయ ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. ఎక్కడ ఎంత వాన పడింది, ఏ ఊళ్లో జొన్న ఎంత వేశారు, చెరుకు ఎలా ఉంది, అల్లం ధర ఎప్పుడు లేచి ఎప్పుడు పడింది అన్నవన్నీ పల్లెల నుంచి అంకెలుగా వచ్చేవి. నాయిన వాటిని గీతలుగా, కడ్డీలుగా మార్చి, రంగులు నింపి, ఆఫీసు గోడకు తగిలించేవాడు. ఝరాసంగం దిక్కు వాన పడని ఏడు నీలం కడ్డీ బొటనవేలంత ఉండేది. పైనుంచి వచ్చిన ఆఫీసర్లు ఆ కడ్డీ ముందు నిలబడి, "పటం మాత్రం మంచిగ వచ్చింది విఠల్‌రావ్" అని భోజనానికి వెళ్లేవాళ్లు. అంకెల్లో ఉన్నది మనిషి కంటికి ఆనదని, గీస్తేనే ఆనుతుందని నాయిన గట్టిగా నమ్మేవాడు. ఆ నమ్మకం ఆఫీసుతో ఆగి ఉంటే మా ఇల్లు కూడా అందరి ఇళ్లలాగే ఉండేది. కానీ ఆయనకు ఇంకొక ఇష్టం ఉండేది, అది సినిమా. సినిమా చూసి వచ్చినవాళ్లు "మంచిగున్నది" అంటే ఆయనకు ఒళ్లు మండేది. ఎంత మంచిగుంది, ఎక్కడ మంచిగుంది, ఎక్కడిదాకా మంచిగుండి ఎక్కడ చెడిపోయింది అని నిలబెట్టి అడిగేవాడు. సమాధానం దొరక్క జనం ఆయనకు ఎదురుపడటం తగ్గించారు. అప్పుడు తానే గీయడం మొదలుపెట్టాడు.

సినిమా పటానికి గ్రాఫు కాగితాన్ని అడ్డంగా పెట్టేవాడు. అడుగున గడులు గడులుగా రీళ్లు. వాటి పైన కథానాయిక సుఖదుఃఖాలు ఎర్ర సిరాతో, కథానాయకుడివి నీలం సిరాతో లేస్తూ పడుతూ పోయేవి. ఆఫీసులో నీలం వానకు, ఎరుపు ధరలకు వాడేవాళ్లు కాబట్టి ఇంట్లోనూ అవే సీసాలు. పాట వచ్చిన చోట పచ్చ పట్టీ, కొట్లాట వచ్చిన చోట నల్ల త్రికోణం. హాస్యగాడు కనబడితే పసుపు చుక్క, వాడికి ఎవరూ నవ్వకపోతే చుక్క మధ్యలో ఖాళీ. అన్నిటికన్నా పైన, పెన్సిల్‌తో లేతగా, ఒక గీత మెలికలు తిరుగుతూ ఉండేది. అది బీడీ పొగ గీత. నాయిన సొంతంగా కనిపెట్టిన సంగతి అదొక్కటే, దాని గురించి ఆయనకు లోలోపల గర్వం ఉండేది. కథ సాగదీస్తున్నట్టు అనిపిస్తే మగవాళ్లు బీడీలు ముట్టిస్తారు. వెనక గదిలోంచి తెర మీదికి పడే వెలుగులో ఆ పొగ లేచి కనబడుతుంది. కథ పట్టుకుంటే చేతిలో బీడీ ఉన్నా ముట్టించడం మరిచిపోతారు, వెలుగు తేటగా ఉంటుంది. నాయిన తెరను ఎంత చూసేవాడో వెనక్కి తిరిగి ఆ వెలుగును అంత చూసేవాడు. వెనక వరసలో కూర్చున్నవాళ్లు మొదట్లో ఆయన తమను చూస్తున్నాడనుకుని నమస్కారం పెట్టేవాళ్లు.

ఆదివారం పొద్దున పటం గీసే పొద్దు. వారంలోని అన్ని పొద్దుల్లాగే నాయినే ముందు లేచి, కిరోసిన్ స్టవ్వు ముట్టించి, చాయ్ పెట్టి రెండు గ్లాసుల్లో పోసేవాడు. ఒకటి తనకు, ఒకటి అమ్మకు. మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, స్నానం చేసి దేవుడికి దీపం పెట్టేదాకా నీళ్లు కూడా ముట్టేది కాదు. కొడుకు స్టవ్వు ముందు కూర్చోవడం మాత్రం ఆమెకు నచ్చేది కాదు. ఆ చాయ్ వాసన తన దాకా రాకుండా ముక్కులో ఇంత పొడుం దట్టించి కూర్చునేది. మిద్దె మీద అల్లం ఎండబోసిన కాలంలో ఇల్లంతా ఘాటు. ఆ ఘాటులో జొన్నరొట్టె కాలుతున్న వాసన, సిరా వాసన, అవ్వ పొడుం వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడన్నా పచ్చి అల్లం దంచితే నాకు ఏదో సినిమా గుర్తొస్తుంది, ఏదో మాత్రం తెలియదు. నాయిన నేల మీద బోర్లా పడుకుని గీస్తుంటే ఆ గదిలోంచి ఎవరూ నడవకూడదు. అవ్వ పొడుం పీల్చి తుమ్మబోతే చేతితో ఆగమని సైగ చేసేవాడు. ఆమె తుమ్మును పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తేది.

మా ఊళ్లో టాకీసు బస్టాండు వెనక ఉండేది. లోపల మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు, మధ్యలో నడుమెత్తు గోడ, గోడ మీద పరదా. దీపాలు ఆరాక పరదా తీసేవాళ్లు. అమ్మా నాయినా గేటు దాకా కలిసి నడిచి, అక్కడ విడిపోయి, సినిమా అయ్యాక పల్లీల బండి దగ్గర కలుసుకునేవాళ్లు. వాళ్లిద్దరూ కలిసి వెళ్లిన సినిమాలకు లెక్కలేదు, పక్కపక్కన కూర్చుని చూసింది మాత్రం ఒక్కటీ లేదు. ఇందులో ఎవరికీ ఏమీ వింతగా ఉండేది కాదు. నాయినకు మాత్రం ఒక ఇబ్బంది ఉండేది. గోడకు అవతల ఆడవాళ్లు ఎక్కడ ఏడుస్తున్నారో ఆయనకు కనబడదు. సినిమాలో సగం సంగతి అక్కడే ఉందని ఆయన లెక్క. అందుకని ఆ పని అమ్మకు అప్పజెప్పాడు. ఏ సీనులో ఎంతమంది కొంగు కళ్లకు ఎత్తారో అమ్మ చూసి వచ్చి చెప్పాలి. ఆ లెక్కను బట్టి పటంలో కన్నీటి చుక్కలు వేస్తాడు.

అమ్మ పేరు నీలమ్మ. న్యాల్‌కల్ దిక్కు పల్లె ఆమె పుట్టిల్లు. కోపమొస్తే కన్నడంలో గొణిగేది, ఇంకా కోపమొస్తే ఏ భాషలోనూ మాట్లాడేది కాదు. సినిమా అంటే ఆమెకు ప్రాణం. కానీ ఆమె వెనక్కి, పక్కకు, ముందుకు చూస్తూ కొంగులు లెక్కబెట్టే సరికి కథ కొంత నడిచిపోయేది.

"నేను ఏడ్వాల్నా, ఏడ్చెటోళ్లను సూడాల్నా? ఒక్క పని జెప్పున్రి" అనేది.

"రెండు చెయ్యొచ్చు నీలా. మా ఆఫీసుల వాన పడంగనే కొలుస్తరు, తడుసుడు గూడ తడుస్తరు" అనేవాడు నాయిన.

అమ్మ ఒక్కోసారి లెక్క చెప్పేటప్పుడు అన్ని సీన్లకూ ఒకే అంకె చెప్పేది. నాయిన దాన్ని కూడా శ్రద్ధగా వేసేవాడు. గొట్టంలో దొరికిన పటాల్లో ఒకటి అలాంటిది ఉంది, ఆ సినిమాలో హాస్యగాడు అరటి తొక్క మీద జారి పడ్డప్పుడు కూడా ఆడవాళ్లు సమానంగా ఏడ్చారు.

ఇక నేను చెప్పబోయేది ఒక సినిమా గురించి. పేరు చెప్పను, ఆ కథానాయకుడికి మా వీధిలో ఇప్పటికీ అభిమానులున్నారు. కథ మామూలే. మొగుడు ఏదో అనరాని మాట అంటాడు. పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోతుంది. చెరువుగట్టు మీద ఒక్కతే ఒక దుఃఖం పాట పాడుతుంది. పాట అవగానే, మా ఊరి టాకీసులో, ఆమె మొగుడి ఇంట్లో నవ్వుతూ కొంగు నడుముకు చుట్టి నిలబడి ఉంటుంది. గోదాములో కొట్లాట మొదలవుతుంది. మధ్యలో ఏమీ లేదు. నాయిన పటంలో ఎర్రగీత అడుగున పాకుతూ పాకుతూ వచ్చి, పచ్చ పట్టీ దాటగానే గోడలాగా నిలువునా లేచింది.

ఏమీ లేకపోవడానికి కారణం ఖాదర్ భాయ్. ఆయన టాకీసు ఆపరేటర్. పల్లెలకు పోయే ఆఖరి బస్సు మొదటి ఆట అయిపోయే వేళకు ఉండేది. సినిమా పొడుగైతే పల్లె జనం తెర చూడటం మాని గడియారాలు చూసేవాళ్లు, గడియారం లేనివాళ్లు కేకలు వేసేవాళ్లు. అందుకని ఖాదర్ భాయ్ మొదటి ఆటలో ఒక రీలు డబ్బాలోనే ఉంచేసేవాడు. ఏ రీలు అన్నది ఆయన ఇష్టం. పాటలూ కొట్లాటలూ ముట్టుకునేవాడు కాదు, వాటి కోసం జనం తలుపులు విరగ్గొడతారు. మిగతా ఆటలకు మళ్లీ డబ్బా తెరిచి కలపడం ఆయనకు బద్ధకం.

నాయిన వెళ్లి అడిగాడు. "ఖాదర్ భాయ్, ఒక రీలు వేయలే గద?"

"సార్, బస్సు పోతె జనం నన్ను కొడ్తరు. కథ పోతె ఎవ్వరు కొట్టరు" అన్నాడు ఖాదర్ భాయ్.

"జర ఆ రీల్ల ఏమున్నదో చెప్పుర్రి."

"నేనెక్కడ సూసిన సార్? డబ్బ మూత గూడ తీయలే."

దాంతో ఆ రీలులో ఏముందో ఊరంతా తలా ఒకటి చెప్పుకున్నారు. అత్తగారు చచ్చిపోయి ఉంటుందని కొందరు. అది వినగానే మా అవ్వ లేచి వెళ్లి, కాదు, అత్తగారే వెళ్లి కోడలి కాళ్లావేళ్లా పడి తీసుకొచ్చి ఉంటుంది, దానికే ఆ కోడలు అంత నవ్వుతోంది అని సవరించి వచ్చింది. నాయిన మాత్రం ఏమీ అయి ఉండదు అన్నాడు. పటంలో లేనిది లేదు.

"ఆడది ఊకెనే ఎట్లొస్తది? నడుమల ఏదో అయింటది. ఆ జాగ ఖాళీ ఇడ్వున్రి" అంది అమ్మ.

"ఖాళీ ఇడ్వొద్దు. వాన లెక్క రాని దినానికి మేం ఈ పక్క దినం ఆ పక్క దినం సూసి గీత కలుపుతం."

"వాన వేరే. ఆడది వేరే."

నాయిన రూళ్లకర్ర పెట్టి నిలువు గీతను ఇంకొకసారి సిరాతో దిద్దాడు. అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లింది. కన్నడంలో గొణుగుడు కూడా వినబడలేదు.

ఆ తర్వాత వానాకాలంలో నాయిన తన జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేశాడు. మంచి మనసుతో చేశాడు, దాంట్లో అనుమానం లేదు. సినిమా పటాలు ఇంత చక్కగా వస్తున్నప్పుడు ఇంటికి ఎందుకు గీయకూడదని ఆయనకు తోచింది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా చూసి, గీసి, ముందుగదిలో క్యాలెండర్ పక్కన తగిలించాడు. ఎర్రగీత అమ్మది, నీలం గీత అవ్వది. కింద గడుల్లో రీళ్లకు బదులు రోజులు. చుట్టాలు వచ్చిన రోజు, కిరోసిన్ అయిపోయిన రోజు, రొట్టె మాడిన రోజు, అమ్మ వాళ్లన్న, మా మామ, అల్లం మూటతో వచ్చి వెళ్లిన రోజు. ఎర్రగీత ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడూ మీదికి లేవలేదు. నాయినకు గీత లేదు. గీసేది ఆయనే కాబట్టి ఆ సంగతి ఆయనకు తట్టలేదు, అప్పుడు నాకూ తట్టలేదు. సిరా ఆరాక పేరు రాద్దామని పైన జాగా వదిలాడు.

ఆ సాయంత్రం ఆయన ఆఫీసు స్నేహితుడు సదాశివ సారు వచ్చాడు. పటం ముందు నిలబడి, కళ్లజోడు పైకి కిందికి జరుపుకుని, "ఇదే ఫిలిం విఠల్‌రావ్? హీరోయిన్‌కు మస్తు కష్టాలు పెట్టిండు. నడుస్తదంటవా?" అన్నాడు.

నాయిన నవ్వి, కొంచెం సిగ్గుపడి, "ఫిలిం గాదు సార్. ఇల్లు" అన్నాడు.

అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. వచ్చి సారుకు ఒక గ్లాసు, నాయినకు ఒక గ్లాసు ఇచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు. తెల్లారి చీరలు రెండు సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి, "బిడ్డకు బడి ఉన్నది, ఈడనే ఉంటది. నేను మా ఊరికి పోత. సూడనీకె వచ్చినోళ్లందరికి సూపియ్యున్రి" అంది. న్యాల్‌కల్ బస్సు ఎక్కి వెళ్లిపోయింది. నేను బస్టాండు దాకా వెంట వెళ్లాను. ఏడిస్తే నాయిన చుక్కలు వేస్తాడని ఏడవలేదు.

అమ్మ లేని ఇల్లు నాకు భయంగా ఉండేది. బళ్లోంచి వచ్చేటప్పుడు మలుపు దగ్గర ఆగి, మా పొగగొట్టంలోంచి పొగ వస్తోందా అని చూసేదాన్ని. వచ్చేది. కానీ అది అవ్వ పొగ, సన్నగా ఉండేది. అవ్వ రొట్టెలు అంచుల్లో మందంగా, నడుమ పచ్చిగా ఉండేవి. నాయిన ఆ ఇంటి పటాన్ని మొదటి రోజే దించేశాడు. గోడ మీద మేకు మిగిలింది. ఆదివారాలు వచ్చాయి, పోయాయి, సిరా సీసాల మూత తీయలేదు. గదిలోంచి ఎవరు నడిచినా ఏమీ అనలేదు. అవ్వ ఇష్టం వచ్చినట్టు తుమ్మేది. ఒక్క పని మాత్రం మారలేదు. పొద్దున్నే స్టవ్వు ముట్టించి చాయ్ పెట్టి, రెండు గ్లాసుల్లో పోసేవాడు. పోశాక ఆ రెండో గ్లాసు వైపు చూస్తూ కూర్చునేవాడు. మొదటి రోజు అవ్వ ఓర్చుకుంది. రెండో రోజు ఆ గ్లాసు తీసుకుని తాగేసింది. స్నానం లేదు, దీపం లేదు. "దేవుడేమనడులే. ఇన్నేండ్లకు నా కొడుక్కు నా మీద పావురమొచ్చింది, ప్రేమతోని చాయ్ పోస్తుండు" అని వాడకట్టులో చెప్పుకుంది. రోజు రోజుకూ ఆమె ముఖం తేరుకుంటూ వచ్చింది.

ఒక రోజు నాయిన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, న్యాల్‌కల్ బస్సెక్కాడు. మర్నాడు సాయంత్రం నేను బళ్లోంచి వస్తుంటే మలుపు దగ్గరికే పొగ కనబడింది, దట్టంగా. పరుగెత్తాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. నాయిన వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. "ఏమైంది?" అని అవ్వ అమ్మను అడిగింది. "ఏం కాలే" అంది అమ్మ. కొడుకును అడిగింది. "ఏం కాలే" అన్నాడు నాయిన. మధ్యలో ఏముందో నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మ వచ్చేసింది, అంతకన్నా నాకు అక్కర్లేదు. అవ్వ మాత్రం కొన్నాళ్లు ముఖం ముడుచుకుని తిరిగింది. అత్తాకోడళ్లు కదా అనుకున్నాను. ఆ మరుసటి ఏడు తమ్ముడు పుట్టాడు. అవ్వ దానికి తాను ఝరాసంగం గుడిలో మొక్కిన మొక్కు కారణమంది.

నాయిన ఆ తర్వాత కూడా సినిమాలు గీశాడు గానీ కన్నీటి చుక్కలు వేయడం మానేశాడు. అమ్మను లెక్క అడగలేదు. అమ్మ గోడ అవతల ప్రశాంతంగా కూర్చుని, తనివితీరా ఏడ్చి, ఎర్రటి కళ్లతో పల్లీల బండి దగ్గరికి వచ్చేది. ఇంట్లోకి టీవీ వచ్చాక ఆదివారం సినిమాకు గీయాలని ఒకసారి చూశాడు. గదిలో బీడీ ముట్టించేవాళ్లు లేరు, పొగ గీత వేయడం ఎలాగో తెలియక వదిలేశాడు. ఇప్పుడు కీర్తన చెబుతోంది, సినిమా చూసే ప్రతి మనిషీ ఎక్కడ ఆపాడో, ఎక్కడ ముందుకు జరిపాడో, ఏది రెండుసార్లు చూశాడో కంపెనీవాళ్లకు తెలిసిపోతుందట, వాటికి పటాలు గీస్తారట. నాయిన ఉంటే సంతోషపడేవాడు. నాకైతే ఖాదర్ భాయే నయమనిపించింది. ఆయన ఒక్క రీలే దాచాడు, మమ్మల్ని చూడలేదు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. నేల మీద పరిచిన పటాల్లో ఆ సినిమా పటం దగ్గర కీర్తన ఆగింది. కాగితం ఎత్తి కిటికీ వెలుగుకు పట్టింది.

"అత్తా, ఇక్కడ లైన్ లేదు. ఎవరో గోకేసినట్టున్నది."

చూశాను. పచ్చ పట్టీకీ నల్ల త్రికోణానికీ మధ్య, నిలువు ఎర్రగీత ఉండాల్సిన చోట ఖాళీ. తప్పు పడితే నాయిన బ్లేడుతో సిరాను గోకేవాడు, అక్కడ కాగితం పలచబడి వెలుగు కనబడుతుంది. ఆయన తప్పులు గోకిన చోట మళ్లీ గీసేవాడు. ఇక్కడ గీయలేదు.

"అమ్మా, ఇది నాయిన ఎప్పుడు గోకిండు?"

అమ్మ మెంతికూర పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. వంట ఎలా చేయాలో చెప్పే గొంతుతో చెప్పింది.

"మీ నాయిన మా ఊరికొచ్చి అరుగు మీద కూసున్నడు. మా అన్న మజ్జిగిచ్చిండు, తాగిండు. మల్లిచ్చిండు, మల్ల తాగిండు. ఒక్క మాట లేదు. మా అన్నకు ఇసుగొచ్చి, మజ్జిగ అయిపోయింది, ఇద్దరు బీదరుకన్న పోయి రాండ్రి అన్నడు. పోయినం. ఆడ గిదే సినిమా నడుస్తున్నది. ఆ టాకీసుల నడుమ గోడ లేకుండె. ఆయన పక్కకే కూసున్న. జేబు దిక్కు సూసిన, పెన్సిలు లేదు, కాగితం లేదు."

"ఆ రీలు వేసిన్రా?"

"వేసిన్రు."

"ఏముండె దాంట్ల?"

"నాకేం ఎర్క. ఆ రీలు నడిచినంతసేపు మీ నాయిన ఏడ్సిండు. సప్పుడు లేదు, నీళ్లు కారుతనే ఉన్నయి. నేను ఆయన్నే సూసుకుంట కూసున్న, బొమ్మ సూడలే. బయటికొచ్చినంక, పొగ ఎక్కువుండె నీలా, కండ్లు మండినయి అన్నడు. ఆ రీల్ల ఒక్కడు బీడి ముట్టియ్యలే." మెంతికూర మళ్లీ ఒడిలోకి తీసుకుంది. "ఇంటికొచ్చినంక బ్లేడు పట్టుకోని గీత గోకిండు. మల్ల గీస్తరా అంటే, ఉండనీ అన్నడు."

కీర్తన అప్పటికే ఫోన్‌లో సినిమా పేరు కొట్టింది. పూర్తి సినిమా ఉంది, ఒక్క రీలు తగ్గకుండా. పటం చూసుకుంటూ వేలితో జరిపింది. చెరువుగట్టు పాట వచ్చింది. "నానమ్మా, పాట అయినంక, కొట్లాటకు ముందు. గిదే. పెట్టాల్నా?" అంది.

నేను వద్దంటుందనుకున్నాను. అమ్మ కళ్లజోడు వెతికి పెట్టుకుంది. "పెట్టు. ఇప్పుడన్న సూస్త. పక్కన ఆయన లేడు గద" అంది.

ముగ్గురం ఆ చిన్న తెర మీదికి వంగాం. మొగుడు ఖాళీ ఇంటికి వస్తాడు. పొయ్యి ముట్టించడం రాక పొగలో దగ్గుతాడు. ఏదో ఉడికిస్తాడు. అలవాటు కొద్దీ రెండు కంచాలు పెట్టి, రెండింట్లోనూ వడ్డించి, పెళ్లాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచాక గుర్తొస్తుంది. రెండో కంచం వైపు చూస్తూ కూర్చుంటాడు. పక్కింటామె కిటికీలోంచి అది చూసి, పుట్టింటికి వెళ్లి ఆమెకు చెబుతుంది. అంతే. కొట్లాట మొదలైంది. కీర్తన ఆపేసింది.

అమ్మ ఫోన్ మీంచి తల ఎత్తింది. "గింతేనా? గీనికేనా గంతగనం ఏడ్సిండు?" అంది.

ఆమె అప్పుడు ఇంట్లో లేదు. చూసింది నేనూ అవ్వా. అవ్వ దాన్ని తన మీది ప్రేమ అనుకుంది, నేను ఏమీ అనుకోలేదు, అమ్మ వచ్చాక మరిచిపోయాను.  ఇప్పుడు అమ్మకు చెప్పాను. నాయిన పొద్దున్నే స్టవ్వు ముట్టించడం, రెండు గ్లాసుల్లో పోయడం, రెండో గ్లాసు వైపు చూస్తూ కూర్చోవడం. అమ్మ వచ్చేదాకా, ఒక్క పొద్దు కూడా తప్పకుండా.

అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ఆ రెండో గ్లాసు ఎవరు తాగుతుండె?"

"అవ్వ."

"అనుకున్న. నేనొచ్చినంక ముసల్ది గన్ని దినాలు మొకం మాడ్సుకోని ఎందుకున్నదో ఇప్పుడు తెలిసింది." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, సరిచేసుకుని, ఫోన్ తన దగ్గరికి జరుపుకుంది. "మల్లొక్కపారి పెట్టు, బిడ్డా" అంది.